హాజరు పుస్తకంలో గుత్తేదారు

ఆదిలాబాద్‌లో నేను గుమాస్తాగా ఉన్న పత్తి మిల్లులో బేళ్లు మోసే హమాలీల ముఠా ఉండేది. ముఠా పెద్దను నేను కాకా అని పిలిచేవాణ్ణి. పొద్దున మిల్లు కూత వేయగానే వచ్చి, యజమాని చెప్పిన పని చేసి, సాయంత్రం కూత విని పోయేవాడు. ఏళ్ల తరబడి అంతే.

ఒక ఏడు కొత్త హాజరు పుస్తకం మొదలుపెడుతుంటే నా పక్కకు వచ్చాడు.

"మున్షీ సాబ్, నా పేరు పక్కన కూలి అని రాయకు జర. పదిమందిని ఎంటేసుకొని వస్తున్న. గుత్తేదారు అని రాయి."

"రాస్తే ఏం పెరుగుతది కాకా?"

"మీసం పెరుగుతది!"

హమాలీలంతా నవ్వారు. నేనూ నవ్వి, గుండ్రని అక్షరాలతో అలాగే రాశాను.

ఆ ఎండాకాలం బేళ్ల వరుస ఒరిగి మీద పడి అతని కుడికాలు నుజ్జయింది. మోకాలి కింద తీసేశారు. మిల్లులో పనివాళ్లకు దెబ్బ తగిలితే బీమా కంపెనీ పరిహారం ఇస్తుందని యజమాని ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు కాబట్టి నేను ధైర్యంగానే ఉన్నాను. పాలసీ ఇంగ్లీషులో ఉండేది. దాని పుటలకు అంకెలు వేసి ఇనప్పెట్టెలో పెట్టాను గానీ, ఒక్కనాడూ ఎవరిచేతా చదివించుకోలేదు.

హైదరాబాదు నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. హాజరు పుస్తకం తిప్పుతూ కాక పేరు దగ్గర వేలు ఆపాడు. తర్వాత పాలసీలో ఒక పేరా తెలుగులో చెప్పాడు. మిల్లు జీతగాళ్లకు, కూలీలకు మాత్రమే అది వర్తిస్తుందట. గుత్తకు పని చేసేవాళ్లకు వర్తించదట.



"ఆయన గుత్తేదారు కాడు సార్. సరదాకు రాసిన."

"హాజరు సరదాకు రాస్తరా మున్షీ గారూ?"

యజమాని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కంపెనీ మనిషి ఆ పుట నకలు తీసుకుపోయాడు.

నేను నా డైరీలన్నీ తిరగేసి, కాక రోజూ ఏ వేళకు వచ్చిందీ, ఎవరు చెప్పిన పని చేసిందీ రాసి పంపాను. జవాబు ఒక్క వాక్యమే వచ్చింది. హాజరు పుస్తకంలో ఉన్నదే ప్రమాణం.

ఆస్పత్రికి పోయి కాకకు అంతా చెప్పాను. దుప్పటి కింద కాలు లేని చోటు తడుముకుంటూ విన్నాడు.

"మా బాపు కూలోడే, నేనూ కూలోన్నే. గట్లనే రాయి మున్షీ సాబ్. ఇప్పుడన్న రాయి."

నకలు కంపెనీ దగ్గర ఉందని రెండోసారి చెప్పకుండా, రాస్తానని తలూపాను.