రెండు బండ్లు, ఒక ముందు సీటు

మా అవ్వకు బస్సెక్కితే వాంతులు. బస్సే కాదు, ఆటో, జీపు, పెళ్ళివాళ్ళ వ్యాను, ఏది ఎక్కినా ఊరు దాటకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఒక్క చోట మాత్రం ఆమెకు ఏమీ కాదు. డ్రైవర్ పక్కన, రోడ్డు ఎదురుగా వస్తూ కనిపించే చోట. ఒకసారి బస్సు చెడిపోయి, బయ్యారం నుంచి ఇనుపరాయి మోసే లారీలో ముందు కూర్చొని వచ్చినప్పుడు ఆ సంగతి ఆమెకు తెలిసింది. లారీ దిగి నేరుగా పొయ్యి ముట్టించిందట. ఆ లారీ ప్రయాణం గురించి ఇతరులు తీర్థయాత్రల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకునేది.

అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. బాపు అవ్వా అని పిలుస్తాడు కాబట్టి ఇంట్లో అందరికీ అవ్వే. మానుకోటలో, అదే కాగితాల మీది మహబూబాబాద్‌లో, మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బాపు, అమ్మ, డిగ్రీ చదువుతున్న నేను, ఎరువుల దుకాణం నడిపే బాపు తమ్ముడు కాక, అందరి మీదా అవ్వ. ఆమెకు లోకంలో మిగిలిన తోబుట్టువు ఒక్కతే, గంగారంలో ఇచ్చిన చెల్లె. ఆ చిన్నవ్వకు మోకాళ్ళు పోయి గడప దాటడం లేదు. వారం వారం అంగడికి వచ్చే గంగారం వాళ్ళ చేత ఎప్పుడూ ఒకే మాట పంపేది, "అక్క ఎప్పుడొస్తదట?" అవ్వ ఒకసారి తెగించి బస్సెక్కింది. కొత్తగూడ దాకా పోయి, అక్కడ దవాఖానలో గ్లూకోజు ఎక్కించుకొని వెనక్కి వచ్చింది.

"కారు కొంటున్నం గదనే అవ్వా, అండ్లనే తోల్కపోత," అన్నాడు బాపు. కారు కొనేది అవ్వ కోసమేనని వీధంతటికీ తెలుసు. ఎందుకంటే బాపు వీధంతా చెప్పాడు.

అవి ఉద్యమం రోజులు. బాపు సర్కారు బడిలో పంతులు, పైగా మా దగ్గర పంతుళ్ళ జేఏసీకి పెద్ద. తాసీలాఫీసు ముందు టెంటు కింద రిలే నిరాహార దీక్షలు. పొద్దున ఉప్మా తిని దండ వేసుకొని కూర్చుంటే సాయంత్రం ఎవరో ఒకరు నిమ్మరసం ఇచ్చి లేపేవాళ్ళు. ఢిల్లీ వాళ్ళు ఏకాభిప్రాయం అన్నా, కమిటీ అన్నా బాపు ఒంటికాలి మీద లేచేవాడు. అరవై ఏండ్ల గోసకు ఇంకా సంప్రదింపులేంది అని మైకు పగిలేలా అరిచేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచి, కారు సంగతి ఎత్తితే మాత్రం, "తొందర పడొద్దు. అందరి అభిప్రాయం తీస్కుందాం," అనేవాడు. అమ్మ వంటింట్లోకి పోయి నవ్వుకునేది.

చూసిపెట్టిన బండ్లు రెండు. రెండూ తెల్లవే, రెండూ ఏడుగురు పట్టేవే, ధర ఇంచుమించు ఒకటే. ఒకదాని ముందు భాగం కాస్త సన్నగా, రెండోది కాస్త బండగా ఉండేది. అవ్వ వాటికి సన్నమూతిది, మొద్దుమూతిది అని పేర్లు పెట్టింది. కంపెనీ వాళ్ళు పెట్టిన పేర్లు మా ఇంట్లో ఆ తర్వాత ఎవరూ పలకలేదు.

హన్మకొండకు చూడటానికి పోయినప్పుడు అవ్వనూ తీసుకెళ్ళారు, కారు ఆమె కోసమే కదా. బస్సులో పడవలసిన పాట్లన్నీ పడి, షోరూంలో చల్లటి కుర్చీలో కూర్చొని తేరుకుంది. కాక డిక్కీలో ఎన్ని యూరియా బస్తాలు పడతాయో అడిగాడు. బాపు భద్రత గురించి, పికప్ గురించి పత్రికలో చదివిన మాటలన్నీ అడిగాడు. చివరికి అక్కడి పిల్లగాడు మర్యాదకు, "అవ్వా, నువ్వేమన్న అడుగుతవా?" అన్నాడు.

"ముందట ఎందరు కూసుంటరు కొడుకా?"

"డ్రైవర్ పక్కన ఒక్కలే అవ్వా. ఎనుక ఐదుగురు, దర్జాగ."

రెండో షోరూంలోనూ అదే అడిగింది. అదే జవాబు వచ్చింది. "ఇగ రెండొక్కటే," అంది. అందరూ నవ్వారు. పాపం, అవ్వకు బండ్ల తేడా తెలియడం లేదన్నాడు కాక. ఆ ఒక్క సీటులో ఎవరు కూర్చుంటారో ఆమెకు బాగా తెలుసు. బాపు చిన్నప్పుడు మగపిల్లవాడని ముందు కూర్చున్నాడు, తర్వాత పెద్దకొడుకని, ఆ తర్వాత సారు అని. బస్సెక్కినా కండక్టర్ ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టేవాడు.

కార్ల గొడవ ఇంట్లో తెగక టెంటు కిందికి చేరింది. తెలంగాణ విషయంలో మాట పొల్లుపోని మనుషులు సన్నమూతి, మొద్దుమూతి అని రెండుగా చీలిపోయారు. పొద్దంతా ఆకలితో కూర్చున్న వాళ్ళకు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి. "గా మొద్దుమూతి దాంట్ల సల్లగాలి ఎనుకదాక రాదు సారూ," అని ఒకరంటే, "సన్నమూతిది మన రోడ్లకు పొట్ట తగుల్తది," అని ఇంకొకరు. ఒకరోజు లెక్కల సారు, తెలుగు సారు దండలు వేసుకొనే మాటా మాటా అనుకున్నారు. మర్నాడు ఒకరి పక్కన ఒకరు కూర్చోలేదు. రాష్ట్రం విడిపోవాలని కూర్చున్న టెంటే అంతకంటే ముందు విడిపోయేలా ఉందని మా కాక అంటే బాపుకు నవ్వు రాలేదు.

చుట్టాలను అడిగారు. జనగామలో ఉండే మామ దగ్గర సన్నమూతిది ఉంది. ఆయన ఒట్టు పెట్టి మరీ మొద్దుమూతిది కొనమన్నాడు. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే పెద్దమామ దగ్గర మొద్దుమూతిది ఉంది. ఆయన ఫోన్లో ఇంత పొడుగు నిట్టూర్చి, "నా తీరు పరేషాన్ గాకుండ్రి, సన్నమూతిదే కొనుండ్రి," అన్నాడు. బాపు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలన్నాడు. ఈలోగా మూడు కాలాలు మారాయి. అంగడికి వచ్చిన వాళ్ళు చిన్నవ్వ మాట అడుగుతూనే ఉన్నారు. ఢిల్లీ నుంచి, బాపు నుంచి ఒకేలాంటి జవాబు వస్తుండేది, త్వరలో అని.

చివరికి ఎలా తేలిందో చెబితే నమ్మరు. పంచాంగంలో దివ్యమైన రోజుందని కాక పట్టుబట్టాడు. ఆ రోజు బంద్. పిలుపునిచ్చింది మా బాపు వాళ్ళే. జెండా కట్టిన జీపును ఎవరూ ఆపరు కాబట్టి అందులోనే హన్మకొండ పోయారు. సన్నమూతి షోరూం నిక్కచ్చిగా మూసి ఉంది, బంద్ సంపూర్ణం. మొద్దుమూతి వాళ్ళ షట్టర్ మోకాలెత్తు తెరిచి ఉంది. ఊరూరా షట్టర్లు దించిన మా బాపు వంగి, కండువా నేలకు రాసుకుంటుండగా ఆ షట్టర్ కింద నుంచి లోపలికి దూరాడు. అలా మొద్దుమూతిది మా ఇంటికొచ్చింది.

నెంబరు ప్లేటు మీద ఏపీ కనిపించకుండా కాక టీజీ అని అంటించాడు. కారు వచ్చింది అవ్వ కోసం, పోయింది ఉద్యమం కోసం. జనగామ సభకు పోయింది, మొగుళ్ళపల్లి ర్యాలీకి పోయింది, నెత్తిన మైకు కట్టుకొని తిరిగింది. కాక నడిపేవాడు, బాపు ముందు కూర్చునేవాడు. తనను చూస్తేనే ఎక్కడైనా బండిని వదులుతారని, కాబట్టి ఆ సీటు తనది కాదని, ప్రజలదని చెప్పేవాడు.

ఆడవాళ్ళ దీక్ష నాడు అవ్వ కూడా టెంటులో కూర్చుంది. ముసలివాళ్ళు ఉంటే ఫొటో బాగా వస్తుందని ముందు వరసలో కూర్చోబెట్టారు. మనుషుల్లో కూడా ముందు వరస దొరకడం ఆమెకు అదే మొదలు. బాపు ఎప్పటిలాగే ఊగిపోతూ మాట్లాడాడు. "అడుక్కుంటె ఎవ్వలియ్యరు! కూసోవాలె! కూసున్న కాడికెళ్ళి లేవమంటె లేవద్దు!" అవ్వ రెప్ప వేయకుండా విన్నది. కొడుకు ఉపన్యాసం ఆమె అంత శ్రద్ధగా వినడం చూసి అమ్మ ఆశ్చర్యపోయింది.

ఆ తర్వాత ఒక అంగడికి చెల్లె అడిగే మాట రాలేదు. అవ్వే ఆరా తీస్తే, చిన్నవ్వ మంచం పట్టిందని చెప్పారు. ఆ రాత్రి అవ్వ అన్నం ముందు నుంచి లేచింది. "రేపు పోవాలె," అన్నది. నాకు ఆమె గొంతు విని భయమేసింది.

రేపు రాస్తారోకో. బాపు తల గోక్కున్నాడు. "పొద్దుగాల్నే ఎల్లిపోదాం. నేనుంటె మనల్నెవరాపుతరు?"

కారు దగ్గర అవ్వ మెల్లగా అడిగింది. "ముందట నన్ను కూసోనియ్యి కొడుకా."

"నేను కనవడకపోతె కదలనియ్యరే అవ్వా. నువ్వు నడుమ కూసో, కిటికి తీస్కో."

ఆమె నడుమ కూర్చుంది, పక్కన నేను. ఊరు దాటకముందే కొంగు నోటికెళ్ళింది. గూడూరు చేరేసరికి తల నా ఒళ్ళో వాలిపోయింది. ఇలాగే పోతే చెల్లె దగ్గరికి బదులు మళ్ళీ దవాఖానకే చేరుతుందని నాకు ఏడుపొచ్చింది.

గూడూరు దగ్గర రోడ్డు మీద జనం, డప్పులు, రాళ్ళ పొయ్యిల మీద వంట. బాపు చెప్పినట్టే అతన్ని అందరూ గుర్తుపట్టారు. "సారొచ్చిండు!" అని తలుపు తీసి, దించి, నడిరోడ్డు మీద కూర్చోబెట్టి, చేతిలో మైకు పెట్టారు. ముక్కూ ముఖం తెలియని కార్లను కాసేపటికి పక్క నుంచి పంపించేశారు. మా కారును మాత్రం పంపలేదు. సారు బండి పోతే రాస్తారోకోకు ఏం విలువ?

అవ్వను దింపి మొహం కడిగించాను. నీడకు కాసేపు నిలబడింది. అవతల మైకులో కొడుకు గొంతు, "లేవమంటె లేవద్దు!" అవ్వ కొంగుతో మొహం తుడుచుకొని, నా భుజం పట్టుకొని నడిచి, ముందు తలుపు తీసింది. ఎక్కి, కాళ్ళు సీటు మీదికి మడుచుకొని, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"అన్నకేం జెప్పాలెనే?" అన్నాడు కాక.

"నీ పని బండి నడుపుడు. దారి ఇడిసినంక నడుపు."

ఎండ వాలాక, రాస్తారోకో ముగిసి బాపు వచ్చాడు. తలుపు తీశాడు. తల్లిని చూశాడు, వెనక సీటు చూపించాడు. అవ్వ కదల్లేదు. "అవ్వా, లేవ్వే. జనం జూస్తున్నరు."

"తెలంగాణ వచ్చినంక లేస్త," అంది అవ్వ.

చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. ఎవరో జై తెలంగాణ అన్నారు, డప్పు మోగింది. ఆ డప్పు ముందర మా బాపు ఏమంటాడు? వచ్చి నా పక్కన కూర్చున్నాడు, ముఖం కందగడ్డ చేసుకొని.

కొత్తగూడ దాటాక అడవిలో మలుపులు మొదలవుతాయి. మొదటి మలుపుకు బాపు మాట్లాడటం మానేశాడు. తర్వాతి మలుపుకు నుదుటి మీద చెమటలు. ఆ పైన కండువా నోటికెళ్ళింది. అంత వయసొచ్చేదాకా ఒక్కసారీ వెనక కూర్చోని మనిషికి, తాను అవ్వ కొడుకేనన్న సంగతి అప్పటిదాకా తెలిసే వీలు లేకపోయింది. అవ్వ వెనక్కి తిరగకుండానే బొడ్డు సంచిలోంచి నిమ్మకాయ తీసి చెయ్యి చాపింది. "వాసన జూడు కొడుకా. కిటికి తీస్కో," అన్నది. అందులో ఎకసెక్కం లేదు. ఆమెకు నిజంగా జాలేసింది.

గంగారంలో చిన్నవ్వ వాకిట్లో మంచం మీద ఉంది. మేం వస్తున్నామని కబురంది, పక్కన ఇంకో మంచం మీద బొంత పరిచి ఉంది. అక్క ఎప్పుడొచ్చినా ప్రాణం పోయినట్టు వచ్చి పడుకోవడమే ఆమెకు తెలుసు. మోచేతి మీద లేచి, కారు వెనక అద్దాల వైపు చూసింది. "ఎనుక పండుకున్నదా?"

"ముందట్నే ఉన్ననే," అంది అవ్వ. తనే తలుపు తీసుకొని దిగింది.

పరిచిన మంచం మీద బాపును పడుకోబెట్టాం. అక్కచెల్లెళ్ళిద్దరూ రెండో మంచం మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని కూర్చొని, తెల్లారేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ ఏడు దాటకముందే చిన్నవ్వ పోయింది. ఆ ఒక్క రోజు లేకపోతే అవ్వకు ఏం మిగిలేదో ఇప్పటికీ తలచుకోలేను.

తెలంగాణ వచ్చింది. పటాకులు కాల్చి, మిఠాయిలు పంచి, ర్యాలీకి బయలుదేరబోతూ బాపు ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. అవ్వ అప్పటికే కాళ్ళు మడుచుకొని కూర్చొని ఉంది.

"అవ్వా, తెలంగాణ వచ్చె గదనే," అన్నాడు.

"మన నీళ్ళు, మన కొలువులు గూడ వస్తయంటిరి. రానియ్యి," అంది.

బాపు జేబులో నిమ్మకాయ ఉందో లేదో తడిమి చూసుకొని వెనక ఎక్కాడు.