కబురు రాని చావు

మా ఆడబిడ్డ చనిపోయిందని లోకమంతా తెలిసిపోయాక కూడా మా ఇంట్లో ఆమె ఇంకా చావలేదు. మాకు కబురు రాలేదు మరి.

మా పద్ధతి చెప్తే గాని ఇది అర్థం కాదు. బంగారుపాళ్యం పక్క మా పల్లెల్లో పెళ్లయిన ఆడమనిషి పోతే, మొదటి కబురు ఆమె పుట్టింటికి పోవాలి. మనిషే రావాలి. వచ్చిన మనిషి లోపలికి రాడు, నీళ్లు తాగడు, వాకిట్లో నిలబడి చెప్పి వెనక్కి తిరుగుతాడు. అప్పుడు పుట్టింటివాళ్లు కొత్త చీర కొనుక్కుని పోతారు. శవాన్ని ఎత్తకముందే అన్నో తమ్ముడో ఆ చీర తన చేత్తో కప్పాలి. కబురు రాకముందే చీర కొంటే చావు కోరుకున్నట్టు. చీర పడకుండా శవం లేస్తే, పోయిన మనిషి ఒంటరిగా పోదని, ఇంకొకరిని వెంట పిలుచుకుంటుందని మా పెద్దవాళ్లు అనేవాళ్లు. నేను ఇటువంటివి నమ్మే మనిషిని కాదు. మా ఇంటాయన నమ్ముతాడు. పోయింది ఆయనకు తోడబుట్టిన అక్క.

ఆమె కొడుకు సినిమా హీరో. పేరు రాయను, రాస్తే రేపు మా వాకిట్లో సిఫారసులకు జనం నిలబడతారు. ఊళ్లో కూడా మేం చెప్పుకోలేదు. వదినకు పట్నం పడక, కొడుకు చంద్రగిరి దగ్గర ఇల్లు కట్టిస్తే అక్కడే ఉండేది. అప్పుడప్పుడు ఆమే ఫోను చేసేది. తోటలో పూత ఎట్లుందని ముందు అడిగి, ఆ తర్వాతే మేం ఎట్లున్నామని అడిగేది. ఆ ఫోను తప్ప ఆ ఇంటికీ మాకూ వేరే దారి లేదు. ఆ ఫోను చేసే మనిషే పోయింది.

మామిడికాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. కుళ్లిన తొక్కల పులుపు వాసన ఊరంతా పట్టింది. పొద్దున్నే ఎదురింటి కోడలు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, హీరో వాళ్లమ్మ పోయిందంట పాపం అని. ఆమెకు మా చుట్టరికం తెలియదు. మా ఇంటాయన విన్నాడు. తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని, దారి వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ రాలేదు. టీవీలో చంద్రగిరి ఇంటి గేటు, గేటు ముందు జనం, ఏడ్చే ఆడపిల్లలు. సాయంత్రమే ఎత్తుతారని చెప్తున్నారు. నేను ఆగలేకపోయాను. టీవీ చెప్పింది కబురు కాదా, లేస్తావా లేదా అని అడిగాను.

"టీవీ ఎవురింటి మనిషిమే?" అన్నాడు.

"నీ అక్కను ఎత్తేస్తారు. నీ చీర పడకుండానే పోతాది."

అప్పుడు లేచాడు. చెప్పులు వేసుకుని, తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. కబురు లేకుండా చావుకు బయల్దేరడం ఆయన బతుకులో అదే మొదటిసారి.

రోడ్డు మీద బస్సు ఆగేచోట ఫ్లెక్సీ కడుతున్నారు. పెద్దగా మా వదిన బొమ్మ, ఆమె భుజం పక్కన హీరో బొమ్మ. కింద వరసగా మా చుట్టుపక్కల అభిమానుల ముఖాలు, చిన్నచిన్నవి. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. రాసింది ఏదైనా కనబడితే చదవకుండా పోలేను. అ-శ్రు-ని-వా-ళి అని కూడబలుక్కుంటున్నాను. నిచ్చెన మీదున్న మనిషి తాడు లాగుతూ కిందికి చూశాడు. ఫ్యాక్టరీలో లారీలకు పెట్టెలు ఎత్తే మనిషి, నలభై ఏళ్లు ఉంటాయి.

"పక్కకు జరుగవ్వా, మీద పడతాది. సదువొచ్చా నీకు? అయితే నా పేరు యాడుండాదో సూడు."

చూపించాను. పేరు పైకి చదివాను. సంతోషంగా తల ఊపాడు. పోయినామె దేవతని, హీరో ముఖం చూస్తే తనకు పొద్దున్నించి అన్నం సహించలేదని చెప్పాడు. పని మానుకుని మోటార్ సైకిల్ మీద చంద్రగిరికి పోతున్నాడట. మేమూ అక్కడికే అన్నాను. "ఈ వయసులో ఎందుకవ్వా తొక్కిసలాటలో, టీవీలో సూడరాదా" అన్నాడు. మా ఇంటాయన మాత్రం ఫ్లెక్సీ వైపు తల ఎత్తలేదు.

చిత్తూరులో దిగి చీర కొన్నాం. అంగట్లో టీవీ మోగుతూనే ఉంది. చీరలు చూపించే అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, హీరో ఎట్లా తట్టుకుంటాడో అంటూ మడతలు విప్పుతోంది. గంధం రంగు చీర తీసుకున్నాం. ఎవరికవ్వా అని అడిగింది. టీవీ వైపు చూపించి, ఆమెకే అన్నాను. ఆ అమ్మాయి పక్క పిల్లను మోచేత్తో పొడిచి నవ్వు ఆపుకుంది. కళ్లల్లో తడి ఆరలేదు, నవ్వు వచ్చేసింది. నాకు కోపం రాలేదు.  ఈ ఏడుపులో మాకు చోటు లేదని అప్పుడే తెలిసింది.

చంద్రగిరిలో బస్సు దిగి నడిచాం. కోట వెనక ఎండ వాలుతోంది. ఇల్లు ఇంకా కనబడకముందే హోరు వినబడింది. దగ్గరికి పోయేకొద్దీ అది ఏడుపా, అరుపా, ఈలలా తేల్చుకోలేకపోయాను. హీరో మేడ మీద కనబడ్డాడేమో, జైకొట్టారు. చావింటి ముందు జై. గోడల మీద, కరెంటు స్తంభం మీద, గేటుకు ఎదురుగా మూసేసిన మెకానిక్ షెడ్డు రేకుల మీద మనుషులు. ఆ రేకులు తుప్పు పట్టి ఎర్రబడ్డాయి. అడుగు పడినప్పుడల్లా డబడబమంటున్నాయి.

గేటు దగ్గర నల్ల చొక్కాల మనుషులు చెయ్యి అడ్డం పెట్టారు. మా ఇంటాయన చీర పొట్లం గుండెకు అదుముకుని, నేను ఆమె తమ్ముణ్ణి అన్నాడు.

"పొద్దున్నించి శానామంది తమ్ముళ్లొచ్చినారు తాతా. నువ్వు ఏ తమ్ముడివి?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నిన్ను ఎవురు పిలిసినారు?" అన్నాడు ఇంకొకడు.

"చావుకెవురు పిలుస్తారప్పా," అన్నాడు ఈయన.

వాళ్లకు ఆ మాట ఎక్కలేదు. పక్కకు నెట్టారు. మొరటుగా కాదు, ముసలివాళ్లను నెట్టినట్టే నెట్టారు. అదే ఎక్కువ బాధ. ఒకరు నీళ్ల పొట్లం ఇచ్చారు. ఒకరు కూర్చోమని గట్టు చూపించారు. మాకు దారి ఒక్కటే కావాలి, అది మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నేను అక్కడే కూర్చుని ఏడుపు ఎత్తుకున్నాను. మా ఏడుపుకు ఒక వరస ఉంటుంది. పోయినామె ఎవరి బిడ్డో, ఏం తిని పెరిగిందో, ఎవరెవరికి ఏం పెట్టిందో చెప్పుకుంటూ ఏడవాలి. పుట్టింటి కోడలు వచ్చిందని చావింట్లో వాళ్లు ఆ ఏడుపును బట్టే గుర్తుపట్టి దారి ఇస్తారు. వదినా, నీ తమ్ముడొచ్చి నీ గేటు కాడ నిలబడినాడే అని గొంతెత్తాను. జనం వెంటనే నా చుట్టూ మూగారు. దారి ఇస్తారనుకున్నాను. ఫోన్లు పైకి లేచాయి. ఒక పిల్లవాడు వంగి, "అవ్వా, ఇట్లా తిరిగి ఇంకోసారి" అన్నాడు. వరస అక్కడే వదిలేసి కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.

తల ఎత్తితే రేకుల మీద మా నిచ్చెన మనిషి. నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. "నువ్వూ వచ్చినావా అవ్వా" అని అక్కడి నుంచి అరిచాడు. ఆ సాయంత్రమంతా నన్ను తెలిసిన మనిషిగా పలకరించింది ఆయనొక్కడే. మా ఇంటాయన ఆ రేకుల వైపు చూసి, అవి ఆగవని అక్కడున్న పోలీసాయనతో చెప్పాడు. ఆయన విన్నాడో లేదో. ఇంకో ఇద్దరు ఎక్కుతున్నారు.

గేటు తెరుచుకుంది. పూలతో కప్పిన బండి బయటికి వచ్చింది. బండి మీద మా వదిన, తల దగ్గర హీరో. ఆమె మీద పట్టుచీరలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ పుట్టింటిది కాదు.

"ఎత్తేసినారే," అన్నాడు మా ఇంటాయన. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. గుండెకు అదుముకున్న పొట్లం కిందికి దించాడు.

అప్పుడే ఎదురుగా రేకులు కూలాయి. శబ్దం పెద్దగా రాలేదు, చించిన గుడ్డలాగా సాగి, తర్వాత ధబ్బుమంది.  ఆ తర్వాత జనమంతా అటు తిరిగింది. ఫోన్లన్నీ అటు తిరిగాయి. బండి ముందు, బండి పక్కన, నిమిషం ముందు వేలు దూర్చే సందు లేనిచోట నేల కనబడింది.

నేను మా ఇంటాయన చెయ్యి పట్టుకుని లాగాను. పోయాం. రేకుల కింద ఎవరున్నారో నాకు తెలుసు. తెలిసే పోయాను. మా పని మాకుంది.

హీరో మమ్మల్ని చూశాడు. ఒంగి చెయ్యి ఇచ్చి మామను పైకి లాక్కున్నాడు. ఎప్పుడో మర్చిపోయాడనుకున్న మా పక్క మాట ఆ నోట్లోంచి వచ్చింది. "నీకు ఎవురూ సెప్పలేదా మామా?" అన్నాడు. ఈయన అక్క వైపు తిరిగాడు. పొట్లం విప్పి, గంధం రంగు చీర అక్క మీద పాదాల నుంచి గొంతు దాకా పరిచాడు. అంచు సరిచేశాడు. దిగాడు. చావు దగ్గర పోయొస్తానని చెప్పరు, మేమూ చెప్పలేదు. బండి కదిలింది. వెనక్కి చూస్తే రేకుల కింద నుంచి ఎవరినో ఈడుస్తున్నారు. ఆ పడిన మనిషి చెప్పులు ఒకరి చేతిలో ఉన్నాయి.

తిరుగు బస్సులో మా ఇంటాయన కిటికీకి తల ఆనించి, "పడినాది చీర. ఇంకెవుర్నీ పిలవదు" అన్నాడు. ఎత్తాక కప్పిన చీర అది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. 

మరుసటి పొద్దున ఎదురింటి కోడలు తన ఫోనులో నా ఏడుపు నాకే చూపించింది. దానికింద ఏవో విషాదం పాటలు పెట్టారు. లక్షలమంది చూశారట. చూసినవాళ్లు కింద రాసిన మాటలు ఒక్కొక్కటే చదివాను. పాపం అవ్వ, ఎంత అభిమానమో అని ఒకరు. డబ్బులిచ్చి ఏడిపించారు అని ఇంకొకరు. అన్నా ధైర్యంగా ఉండు అని చేతులు జోడించిన బొమ్మలు లెక్కలేనన్ని. చివర్లో రేకులు పడేది మిస్ అవ్వొద్దు అని ఒకరు, పక్కన నవ్వు ముఖం. కింది దాకా పోయాను. పడిన మనిషి ఎవరని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. అక్షరం రాకపోతే బాగుండేదని బతుకులో ఆ ఒక్క పూట అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా వాకిట్లోకి ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. నీళ్లు తాగమంటే వద్దన్నాడు. మా ఇంటాయన ముఖం తెల్లబడింది. పక్క పల్లెలో ఫలానా ఆయన పోయాడు, నిన్న చంద్రగిరిలో రేకులు కూలి పడ్డాడు, తెల్లవారుజామున తిరుపతి ఆసుపత్రిలో ప్రాణం పోయిందంట అని చెప్పి ఆ మనిషి తిరిగి వెళ్లిపోయాడు. ఊరూరా ఇంటింటికీ చెప్తున్నాడు, మాకేదో ప్రత్యేకంగా కాదు. మా ఇంటాయనకు అట్లా అనిపించలేదు. "పిలిసింది," అన్నాడు. తుప్పు రేకులయ్యా, నీ అక్క కాదు అన్నాను. గట్టిగానే అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

పోయాం. ఆ ఇంటి వాకిట్లో పదిమంది కూడా లేరు. కాయల కాలం, ఎవరి లారీ వాళ్లది. పోయిన మనిషి తల్లి నా చెయ్యి పట్టుకుని, ఏడుపు మధ్యలో ఒకటే మాట అడిగింది.

"హీరో బాబుకు తెలుసునా అమ్మా? తెలిస్తే రాకుండా ఉండడు గదా."

ఆమె దారి వైపు చూసింది. నిన్న పొద్దున మా ఇంటాయన చూసినట్టే చూసింది. ఈయన అది గమనించాడు. ఆమె ముందుకు వచ్చి, "నేను పోయి సెప్తానమ్మా. వాకిట్లో నిలబడి సెప్పేసి వస్తాను" అన్నాడు. చుట్టరికం మాత్రం చెప్పలేదు. ఆ గేటు ఈయనకు తెరుచుకుంటుందో లేదో నాకు తెలియదు. వద్దని మాత్రం అనలేదు.

బస్సు ఆగేచోటికి వచ్చాం. ఫ్లెక్సీ అట్లాగే ఉంది. పోయిన నిచ్చెన మనిషికి వేరే బొమ్మ ఎవరూ కొట్టించలేదు. ఎవరో బంతిపూల దండ తెచ్చి, అదే ఫ్లెక్సీలో కింద, వరసలో ఉన్న ఆయన చిన్న ముఖానికి కట్టారు. నిలువెత్తు ఫోటోకు వేసే దండ అది. సగం జారి, అటు ఇద్దరి ముఖాల మీద, ఇటు ఒకరి ముఖం మీద పడి ఉంది.

ఆ ముగ్గురిలో ఒకడు కిందే నిలబడి ఉన్నాడు, ఫోను చూసుకుంటూ. మా ఇంటాయన దగ్గరికి పోయి, "ఆ దండ ఎత్తి కట్టప్పా. నీ మీద పడినాది" అన్నాడు.

ఆ మనిషి తల ఎత్తలేదు. "గాలికి జారినాదిలే తాతా, తర్వాత కడతాం."

చిత్తూరు బస్సు వచ్చింది. హీరోకు కబురు చెప్పడానికి మా ఇంటాయన ఎక్కాడు. నేను దండ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ పొద్దు గాలి లేదు. తోటల్లో ఆకు కూడా కదలడం లేదు.