బిజిలీ మెడమీద చెయ్యి

జట్కా తోలడం మానేయాలని ఫక్రుద్దీన్ అనుకున్నది ఒకసారి కాదు. ఆదోని స్టేషన్ ముందు ఆటోలు బారులు తీరాక జట్కా ఎక్కే నాథుడే కరువయ్యాడు. ఎనభై నాలుగు నాటికి అతనికి యాభై ఎనిమిదేళ్లు, ఆడగుర్రం బిజిలీకి పద్దెనిమిది. పొద్దున లేవాలంటే ఇద్దరికీ విసుగే.

ఒకప్పుడు అతనికో పద్ధతుండేది. జట్కాకు కట్టేముందు గుర్రం మెడమీద చెయ్యేసి, అది గట్టిగా ఊపిరి వదిలేదాకా నిలబడేవాడు. గుర్రం కుదుటపడితే మనిషీ కుదుటపడతాడు. ఆలోగా భార్య హసన్‌బీ ఉలవలు ఉడికించి తెచ్చి, ఉప్పు చూడమని రెండు గింజలు అతని చేతిలో పెట్టేది. నాలుగేళ్ల కిందట ఆమె పోయింది. అప్పటినుంచి మెడమీద చెయ్యి వేయడం మానేశాడు. అట్లా నిలబడితే ఏడుపొస్తుంది. ఏడుస్తూ కూర్చుంటే పూట గడవద్దూ? గబగబా కట్టేసి తోలుకుపోయేవాడు.

ధాన్యం వ్యాపారి దామోదరం కోడలు సులోచన. బిడ్డ పోయి ఏడాదైంది, ఆ రోజునుంచి నోట మాట లేదు. డాక్టర్లయ్యారు, తాయెత్తులయ్యాయి. ఆటో చప్పుడుకు ఉలిక్కిపడుతోందని ఆసుపత్రికి ఫక్రుద్దీన్ జట్కా పెట్టుకున్నారు. ఒకరోజు తిరిగొచ్చాక ఆమె ఇంట్లోకి పోకుండా బిజిలీ మెడకు నుదురు ఆనించి నిలబడిపోయింది. అత్త చెయ్యి పట్టి లాగబోయింది.

"ఉండనీమ్మా," అన్నాడు ఫక్రుద్దీన్. "చెయ్యి పెట్టు తల్లీ. అది ఊపిరి వదిల్నంక తీద్దువు."

గుర్రం ఫుర్రుమంది. సులోచన భుజాలు కిందికి దిగాయి.

ఇక రోజూ పొద్దున జట్కా ఆ వాకిట్లో ఆగాల్సిందే. ఆమె బ్రష్షు పట్టుకుని గంటసేపు గుర్రానికి మాలీసు చేసేది.

"ఇదేం వైద్యమో నాకు తెలీదు సాబూ," అన్నాడు దామోదరం. "నిన్న తనే అన్నం పెట్టుకోని తినింది. నువ్వు మాత్రం రాకుండా ఉండొద్దు."

ఆ మాటకు ఫక్రుద్దీన్ కట్టుబడిపోయాడు. బిజిలీ కుంటుతోంటే రాయి గుచ్చుకుందేమోలే అనుకున్నాడు. వంగి చూడలేదు. చూస్తే ఆపాలి. ఆపితే ఆ పిల్ల ఏమైపోతుంది? అలసిపోయిన మనిషికి చూడకపోవడం కూడా ఒక సుఖమే.

శ్రావణంలో ఒక పొద్దున సులోచన బ్రష్షు కింద పెట్టి, వంగి గుర్రం మోకాలు పట్టుకుంది.

"సాబూ," అంది బొంగురు గొంతుతో. "కాలు వాచింది. కాలిపోతాంది. ఇంక దీన్ని కట్టొద్దు."

ఇంటిల్లిపాదీ ఏడాదిగా ఎదురుచూసిన గొంతు అది. గడపలో అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫక్రుద్దీన్‌కు మాత్రం సిగ్గేసింది. ఇన్నేళ్లు సాకిన తనకు కనపడని వాపు పరాయి పిల్ల చేతికి దొరికింది. వార్లు విప్పి, జట్కాను ఆ వాకిట్లోనే వదిలేసి, గుర్రాన్ని మెల్లగా ఇంటికి నడిపించుకుపోయాడు.

మర్నాడు పొద్దున్నే సులోచన అత్తను వెంటబెట్టుకుని అతనింటికి వచ్చింది. చేతిలో గిన్నెడు ఉడికించిన ఉలవలు.

"బిజిలీకి తెచ్చినా," అంటూ రెండు గింజలు తీసి అతని ముందుకు చాపింది. "ఉప్పు సరిపోయిందేమో చూడు సాబూ."

ఆ ఇంట్లో ఆ మాట వినపడి నాలుగేళ్లయింది. గింజలు నోట్లో వేసుకున్నాడు. వెనక్కి తిరిగి బిజిలీ మెడమీద చెయ్యేశాడు. అది ఊపిరి వదలకముందే అతను భోరుమన్నాడు.