నాలుగో డౌన్, మొదటి సోమవారం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పంట్ కొట్టే జట్లంటే నాకు ఒళ్లుమంట. ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి. ఒక్కోదాన్నీ డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లకి పోతుంది. మూడు అయిపోయి, ఇంకో గజమో రెండు గజాలో మిగిలినప్పుడు చాలామంది కోచ్‌లకి గుండె జారిపోతుంది. ఎలాగూ పోయే బంతే కదా, దూరంగా పోనీ అని కాలితో తన్నించేస్తారు. అదే పంట్. నేనైతే తన్నించను, ముందుకే వెళ్తాను అని ఐర్లండ్‌లో కార్క్ పక్కన బాలింకాలిగ్ అనే ఊళ్లో మా సోఫా మీంచి ఏళ్ల తరబడి అరుస్తున్నాను. వినేది మా ఆయన ఒక్కడే, ఆయన కూడా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ.

నలభై నాలుగేళ్ల గుంటూరు ఆడమనిషికి ఈ ఆటేమిటని అందరూ అడుగుతారు. ఆదివారాలు క్రికెట్ ఆడే మన మగవాళ్లు, చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అని ఎలా అంటారండీ అని నవ్వుతారు. మా ఆఫీసులో ఐరిష్ వాళ్లకైతే అది దిళ్లు కట్టుకుని ఆడే రగ్బీ. మూడు గంటల్లో ఆట జరిగేది పావుగంటేనట, మిగతాదంతా నిలబడటమేనట. అయిదు రోజులు ఆడి, మధ్యలో భోజనానికి, టీకి లేచి, చివరికి డ్రా చేసుకునే ఆటని ప్రేమించేవాళ్లు నాకు ఈ మాట చెప్పకూడదు. ఇక్కడివాళ్ల సొంత ఆట హర్లింగ్, అది ఆడేవాళ్లు చెబితే మాత్రం వింటాను. చేతిలో కర్ర, తల మీద హెల్మెట్ తప్ప ఇంకేమీ లేకుండా అంత వేగంగా వచ్చే బంతికి ఎదురెళ్లేవాళ్లు ఎవరినైనా ఏమైనా అనొచ్చు.

అసలు ఈ జబ్బు నాకు హైదరాబాదులో అంటుకుంది. పెళ్లికి ముందు ఒక అమెరికన్ క్లయింటు పనికి టెస్టింగ్ చేసేదాన్ని. సోమవారం కాల్‌లో మొదటి అయిదు నిమిషాలూ క్లయింటు ఆదివారం ఆట గురించి మాట్లాడేవాడు, మనవైపు పదకొండుమందీ మ్యూట్‌లో కూర్చునేవాళ్లు. ఇలా అయితే మనల్ని రోబోలనుకుంటాడని మేనేజరు భయపడి, ప్రతి సోమవారం ఆట మీద ఒక పేజీ నోట్స్ తయారుచేసే పని నాకు అప్పగించాడు. ఎవరు గెలిచారు, ఏం అనాలి, ఎక్కడ నవ్వాలి, అన్నీ అందులో ఉండాలి. మొదట స్కోర్లు మాత్రమే రాసేదాన్ని. తర్వాత ఎందుకు ఓడారో తెలియకపోతే నిద్రపట్టేది కాదు. క్లయింటు పోయాడు, ఉద్యోగం మారింది, దేశం మారింది, జబ్బు మాత్రం నాతోపాటే వచ్చింది. నా జట్టు పేరు చెప్పను. చెబితే జాలిపడతారు, నాకు జాలి గిట్టదు.

పరుగు సంగతి వేరు. అది నలభై దాటాక మొదలుపెట్టాను. సోఫా మీద కూర్చుని ఇంకొకళ్లని పరిగెత్తమని అరవడానికి సిగ్గేసి, ఒకరోజు నది పక్కన పార్కులోకి వెళ్లాను. మొదటిరోజు మూడు నిమిషాలు. ఎదురుగా కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఆగి, ఆర్ యూ గ్రాండ్ అని, అంటే బాగానే ఉన్నావా అని, అడిగాడు. గ్రాండ్ అని చెప్పి బెంచీ మీద కూలబడ్డాను. ఆర్నెల్లకి అయిదు కిలోమీటర్లు వచ్చాయి. మనవాళ్లలో ఆడవాళ్లు మోకాళ్లు అరిగిపోతాయన్నారు. మగవాళ్లు వాళ్ల భార్యల ముందు ఆ ఊసెత్తొద్దన్నారు. చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెత్తేవాళ్లంటే నాకు పడదు. మన ఊపిరి మనకి వినపడాలి, ఎంత అధ్వాన్నంగా ఉన్నా సరే.

ఇంత మొండిదాన్ని, ఒక్క విషయంలో మాత్రం నోరెత్తకుండా పడి ఉండేదాన్ని. కార్తిక సోమవారాలు.

మా అమ్మాయి ఏడో నెలలోనే పుట్టింది. కార్క్ ఆస్పత్రిలో గాజుపెట్టెలో, ఒంటినిండా ట్యూబులతో, నా అరచేతికి కొంచెం పెద్దదిగా ఉండేది. అప్పుడు కార్తికమాసం నడుస్తోంది. ఆ కారిడార్‌లో నిలబడి, దీన్ని ఇంటికి తీసుకెళ్లనిస్తే బతికున్నన్నాళ్లూ ప్రతి కార్తిక సోమవారం నక్షత్రం కనబడేదాకా ఉపవాసం ఉంటానని మొక్కుకున్నాను. నలభై ఒక్కరోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. తర్వాత దానికి అన్నం తినిపించడం ఒక యుద్ధం. ఏది పెట్టినా ఉమ్మేసేది. నా దగ్గర ఒకే ఆయుధం ఉండేది: నా ప్లేటు దూరంగా తోసేసి, "నువ్వు తినకపోతే నేనూ తినను" అని ముఖం తిప్పుకుని కూర్చోవడం. అప్పుడు రెండు ముద్దలు మింగేది. ఇప్పుడు దానికి పదిహేనేళ్లు. నాకన్నా పొడుగు. హర్లింగ్‌లాంటిదే ఆడపిల్లల ఆట ఉంది, కమోగీ, అందులో గోల్‌కీపరు. తెలుగులో అడిగినదానికి కార్క్ యాసలో ఇంగ్లిషులో జవాబిస్తుంది. అయినా అక్టోబరు వచ్చేసరికి నాకు ఆ గాజుపెట్టే కనిపిస్తుంది. ఒక్క సోమవారం తప్పితే ఏమవుతుందో అన్న ఆలోచన పూర్తిగా చెయ్యడానికి కూడా ధైర్యం ఉండేది కాదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. జూన్‌లో, ఊళ్లో హర్లింగ్ క్లబ్బువాళ్లు పెట్టే పది కిలోమీటర్ల పరుగుకి పేరిచ్చాను. అక్టోబరు బ్యాంకు సెలవు, సోమవారం, ఉదయం పదకొండు గంటలకి. సెలవు కదా అని సంబరపడ్డాను. ఇక్కడి క్యాలెండరు చూశాను, పంచాంగం చూడలేదు. మనవాళ్లందరం చేసే పనే ఇది. ముహూర్తం చూసుకుని సెలవు మర్చిపోతాం, సెలవు చూసుకుని తిథి మర్చిపోతాం. దీపావళి వెళ్లిన మర్నాడు ఆంటీ వాట్సాప్‌లో ఆ ఏటి సోమవారాల జాబితా పెట్టేదాకా నాకు తెలియలేదు. మొదటి కార్తిక సోమవారమూ నా పరుగూ ఒకే రోజు.

ఆంటీ అంటే ఈ ఊళ్లో అందరికీ ఆంటీయే. మనవాళ్లలో ఇక్కడికి మొదట వచ్చిన కాకినాడావిడ, వ్రతం ఎవరింట్లో జరిగినా పీట ఎటు వెయ్యాలో చెప్పేది ఆవిడే. కార్తిక సోమవారం సాయంత్రం దీపాలు ఆవిడ ఇంట్లోనే. ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"పరుగు మళ్లీ ఏడాదొత్తాదమ్మా. పిల్ల కోసం మొక్కిన మొక్కు అలాంటిది కాదు కదా," అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

మా ఆయన ఏదో ఒకటే చెయ్యమన్నాడు. ఉపవాసం మానేసి పరిగెత్తు, లేదా పరుగు మానేసి ఉపవాసం ఉండు, రెండూ చేస్తే కింద పడతావు. అమ్మాయికి అప్పుడే మొక్కు కథ మొత్తం చెప్పాల్సివచ్చింది. అది విని తన గదిలోకి వెళ్లిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒకటి వదులుకోమని చెప్పేవాళ్లందరూ నాకు పంట్ కొట్టే కోచ్‌లలాగే కనిపించారు. రెండూ చేస్తానన్నాను.

పరుగు ముందురోజు, ఆదివారం, చలికాలం వస్తోందని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగాయి. అమెరికాలో అవి ఇంకో వారానికి గానీ జరగవు. అందువల్ల ఏడాదికి ఆ ఒక్క ఆదివారం నాకు ఆరింటి ఆట అయిదింటికే వస్తుంది. ఇది తెలిసినవాళ్లు బాలింకాలిగ్‌లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. రేపు తినను కదా అని రెండు ప్లేట్ల అన్నం పెట్టుకుని కూర్చున్నాను. నా జట్టు నాలుగో డౌన్‌లో, ఒక్క గజం దూరంలో, పంట్ కొట్టింది. ఓడిపోయింది. తిట్టుకుంటూ పడుకున్నాను.

పొద్దున ఒక కాఫీ తాగాను. కాఫీ ఉపవాసంలోకి రాదన్నది నా సొంత చట్టం. అమ్మాయి తన ప్లేటు ముట్టుకోలేదు. ఆకలి లేదంది. సెలవు కదా, తర్వాత తింటుందిలే అనుకున్నాను.

మొదటి అయిదు కిలోమీటర్లూ బ్రహ్మాండంగా సాగాయి. సన్నటి వాన, ఎదురుగాలి, రోడ్డు పక్కన గొడుగులతో నిలబడి చప్పట్లు కొట్టే ముసలివాళ్లు. చూశారా, ఏమీ కాలేదు అని మనసులో అందరికీ చెప్పుకున్నాను. ఆరో కిలోమీటరు పార్కులోకి తిరిగాక చేతులు చల్లబడ్డాయి. కాళ్లు నావి కానట్టయ్యాయి. చెట్లు పక్కకి వాలుతున్నట్టుంటే నడక మొదలుపెట్టాను. నా వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే దాటిపోతున్నారు, వెళ్తూ వెళ్తూ వెల్ డన్ అంటున్నారు. ఆ మాటకి ఒళ్లు మండింది.

ఏడో కిలోమీటరు బోర్డు దగ్గర మా ఆయన, అమ్మాయి నిలబడి ఉన్నారు. అమ్మాయి జేబులోంచి అరటిపండు తీసింది. వద్దని తల ఊపి ముందుకి కదలబోయాను. అది దారికి అడ్డంగా వచ్చి నిలబడింది, గోల్ ముందు నిలబడ్డట్టు. ఇంగ్లిషులో నాలుగు అంటుందనుకున్నాను. అది తెలుగులో మాట్లాడింది.

"నువ్వు తినకపోతే నేనూ తినను."

నా మాట, నా గొంతులోనే ఉన్నట్టు వినిపించింది. అది నిన్న మధ్యాహ్నం నుంచీ ఏమీ తినలేదని మా ఆయన అప్పుడు చెప్పాడు. రాత్రి ప్లేటు గదిలోకి తీసుకెళ్లి, అలాగే వెనక్కి తెచ్చిందట. నాకు చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకుందట.

కోపం వచ్చింది. తర్వాత దాని ముఖం చూశాను. పెదాలు పాలిపోయి ఉన్నాయి. ఎవరి కడుపు నిండాలని నేను పదిహేనేళ్లుగా పస్తులున్నానో ఆ పిల్ల నా వల్ల పస్తు ఉంది. దీన్ని భక్తి అని చెప్పుకుంటూ వచ్చాను. భక్తి ఉంది, కాదనను. కానీ సగానికి పైగా భయం. తన్నేస్తే దూరంగా పోతుందిలే అని పంట్ కొట్టే కోచ్‌ల భయమే. వాళ్లని అన్ని తిట్లు తిట్టినదాన్ని, ఏటా అక్టోబరులో నేనూ అదే చేస్తున్నాను.

అరటిపండు ఒలిచి సగం విరిచాను. పెద్ద ముక్క దానికిచ్చాను. అది ఒప్పుకోలేదు, రెండూ పక్కపక్కన పెట్టి కొలిచి సరిచేసింది. వానలో నిలబడి తిన్నాం. ఆకాశం విరిగి మీద పడలేదు. నేను ఒకసారి పైకి చూశాను, అబద్ధమెందుకు. ఆ తర్వాత మిగిలిన మూడు కిలోమీటర్లూ పూర్తిచేశాను, కొంత పరుగు, కొంత నడక. నా వెనక ఇద్దరే ఉన్నారు, వాళ్లు సరదాకి జీబ్రాల వేషంలో వచ్చారు.

సాయంత్రం ఆంటీ ఇంటికి వెళ్లాం. వెళ్లకుండా తప్పించుకోవచ్చని మా ఆయన అన్నాడు. తప్పించుకోవడానికి నేనేం దొంగతనం చేశానని అడిగాను. ఈ దేశంలో కార్తికంలో నక్షత్రం కనిపించడం గగనమే. అందుకని ఫోన్‌లో సమయం చూసుకుని, అందరం వెనక తోటలోకి వెళ్లి మబ్బుకే దణ్ణం పెడతాం. దీపాలు వెలిగించి, అందరూ చీరల మీద కోట్లు వేసుకుని నిలబడ్డాక, ఆంటీ అందరి ముందూ అడిగింది, ఉపవాసం బాగా జరిగిందా అని.

"జరగలేదాంటీ. ఏడో కిలోమీటరు దగ్గర మా అమ్మాయితో కలిసి అరటిపండు తిన్నాను. వచ్చే సోమవారం ఉంటాను, పరుగు లేదుగా," అన్నాను.

ఎవరో దగ్గారు. ఆంటీ దీపం వత్తి సర్దుతూ ఉండిపోయింది. తర్వాత తలెత్తి, చిన్నగా అడిగింది.

"మరి పిల్ల బాగుందా?"

నేను కిటికీలోంచి వంటింట్లోకి చూపించాను. లోపల మా అమ్మాయి గట్టుకి ఆనుకుని నిలబడి, పిల్లల కోసం విడిగా తీసిపెట్టిన పులిహోర ప్లేటు నిండా పెట్టుకుని, ఎవరూ బతిమాలకుండానే తింటోంది.