ముప్పై ఏడు డిగ్రీల పిడికిలి

ఆమె కుడి పిడికిలి బిగించి ఉంది. లోపల గాజుగొట్టం, గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం. ఎడమచేతిలో గడియారం. పక్కగదిలో ఆ రక్తం తాలూకు మనిషి బల్ల మీద పడుకుని ఉంది: తొమ్మిదో నెల, చెయ్యి దాటిపోతున్న బీపీ, పడిపోయిన ప్లేట్‌లెట్లు. ఒంటి వేడిలో ఉంచిన రక్తం ఏడు నిమిషాల్లోపు గట్టిగా గడ్డకడితే వెంటనే ఆపరేషన్. కట్టకపోతే కోసినచోట రక్తం ఆగదు, ముందు గడ్డకట్టించే ప్లాస్మా తెప్పించి ఎక్కించాలి. అంతసేపు లోపలి బిడ్డ ఆగుతుందో లేదో ఎవరికీ తెలియదు. యంత్రమైతే గంటకు గానీ నోరు విప్పదు.

సీసాలు కడిగే పనిలో చేరి, చూసి చూసి పరీక్షలన్నీ నేర్చుకున్న ఈవిణ్ణి ల్యాబులో పిడికిలక్క అంటారు. ఆ చేతిని ఫ్రిజ్ జోలికి పోనివ్వదు. ఎవరికైనా చెయ్యి అందిస్తే నాలుగు నిమిషాలదాకా వదలదని భర్త వేళాకోళం.

సరిగ్గా అప్పుడే సామాన్ల లెక్క చూసే గుమాస్తా నంబర్ల స్టిక్కర్ల కట్టతో లోపలికి వచ్చాడు.

"మేడం, వెచ్చబెట్టే పరికరం ఒకటి ఉండాలి. ఎక్కడ?"

"అది రిపేరుకెళ్లి మూడేళ్లయింది."

"మరి దేంతో చేస్తున్నారు?"

ఆమె పిడికిలి చూపించింది.

"నంబరు లేని పరికరంతో చేసిన పరీక్ష చెల్లదండి."

"అయితే నంబరు వెయ్యండి. కదిలించారంటే మాత్రం ఊరుకోను."

అతను మణికట్టు మీద నలభై ఒకటో నంబరు అంటించి పుస్తకం తెరిచాడు.

"తయారైన సంవత్సరం?"

"మా అమ్మనడగాలి."

"ఉష్ణోగ్రత?"

"ముప్పై ఏడు."

"సరిగ్గా ఉందని నమ్మకమేంటి?"

"జ్వరమొస్తే సెలవు పెడతాను."

నాలుగో నిమిషం. ఆమె గొట్టాన్ని మెల్లగా వంచింది. రక్తం నీళ్లలా జారింది. పిడికిలి మళ్లీ మూసుకుంది. కిటికీ దగ్గర నర్సు, "అక్కా?" అంది. "ఇంకా లేదు."

అయిదు. జారింది, కాస్త బద్ధకంగా. గుమాస్తా రాయడం ఆపేశాడు.

ఆరు. అంచున గడ్డ పట్టింది, నడుమ ఇంకా కదులుతోంది. గుమాస్తా పుస్తకం పక్కన పెట్టి దగ్గరకొచ్చాడు.

"అక్కా, మీ చెయ్యి చల్లబడితే నాదుంది."

"నీదానికి నంబరు లేదుగా, నోర్మూసుకో."

అతను కట్టలోంచి ఒక స్టిక్కరు చప్పుడు కాకుండా చించి, తన అరచేతికి అంటించుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

ఏడుకు పది సెకన్లుండగా ఆమె గొట్టాన్ని తలకిందులు చేసింది. చుక్క రాలలేదు. గోటితో రెండుసార్లు తట్టింది. గడ్డ చెదరలేదు.

'ఆరు నిమిషాల యాభై సెకన్లు. గట్టి గడ్డ' అని రిపోర్టు కాగితం మీద రాసింది. పరికరం అన్నచోట గుమాస్తా వేలు పెట్టి చూపిస్తే 'నలభై ఒకటి' అని కూడా రాసి, సంతకం చేసి, కాగితాన్ని కిటికీలోంచి నర్సు చేతిలో పెట్టింది.