ఎవేలియో పిడికిలి

"నీది ఎంత జాలిగుండె నూబియా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవేలియో కొంప ముంచింది ఆ జాలే.

ఆయనది యొలొంబో అనే ఊరు. బెల్లం గానుగలో చెరకు పెట్టే పని. పదకొండేళ్ళ కిందట గానుగ ఆయన కుడిచేతిని మోచెయ్యి దాకా లాగేసుకుంది. చెయ్యి పోయింది గానీ నొప్పి పోలేదు. లేని చెయ్యి పిడికిలి బిగించుకుని, లేని గోళ్ళు అరచేతిలో దిగబడుతున్నట్టు రాత్రీపగలూ ఒకటే పోటు. "విప్పుదామంటే వేళ్ళేవీ?" అని తనే నవ్వేవాడు.

మెడెలిన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ హెర్మిండా ఇలాంటివాళ్ళ మీద పరిశోధన పెట్టింది. అందులో నా ఉద్యోగం కుంచె పట్టుకోవడం. మనిషి కళ్ళకు పెద్ద కళ్ళజోడు లాంటిది తగిలించేవాళ్ళం. అది పెట్టుకుని తల దించితే తన ఒళ్ళు బొమ్మగా కనిపిస్తుంది, రెండు చేతులతో. మొండిచేతి మీద ఒక్కో చోట తాకితే పోయిన ఒక్కో వేలిని తాకినట్టుంటుంది వాళ్ళకి. బొమ్మ వేలి మీద కుంచె కదిలిన క్షణంలోనే నేనూ మొండిచేతి మీద ఆ వేలి చోట కుంచెతో రాయాలి. కంటికి కనబడేదీ ఒంటికి తగిలేదీ ఒక్కసారే అయితే, ఆ చెయ్యి తనదేనని మెదడు ఒప్పేసుకుంటుంది. అప్పుడు బొమ్మ పిడికిలి విప్పితే లేని పిడికిలీ విచ్చుకుంటుందని ఆమె నమ్మకం.

మొత్తం పన్నెండు మంది. ఆరుగురికి సరిగ్గా రాయాలి, మిగతా ఆరుగురికి కావాలనే ఒక క్షణం ఆలస్యంగా. ఎప్పుడు రాయాలో నా చెవిలో గంట మోగి చెప్పేది. "తేడా తేలిందంటే యొలొంబో ఆసుపత్రికీ ఒక యంత్రం ఇప్పిస్తాను, అందరికీ చేద్దాం" అని ప్రొఫెసర్ మాటిచ్చింది. ఎవేలియో ఆలస్యం గుంపులో పడ్డాడు.

మూడు వారాలు బస్సెక్కి వచ్చాడు, నాకోసం ఆకులో చుట్టిన బెల్లం దిమ్మ పట్టుకుని. వెళ్ళేటప్పుడు "ఇవాళా తెరుచుకోలేదమ్మాయ్" అనేవాడు, తప్పేదో తనదైనట్టు. నాలుగో వారం నావల్ల కాలేదు. గంటను దాని మానాన మోగనిచ్చి, ఆయన చూసే బొమ్మే నాకూ కనబడే తెర చూస్తూ, ఆలస్యం లేకుండా రాశాను. బొటనవేలు దాటి చూపుడువేలికి వచ్చేసరికి ఆయన గొంతు మారింది.

"అమ్మాయ్, ఇది నా చెయ్యి."

"బొమ్మండీ, దొన్ ఎవేలియో."

"నా చేతి సంగతి నాకు చెబుతావా? నోర్మూసుకుని రాయి."

బొమ్మ పిడికిలితో పాటే ఆయన లేని పిడికిలీ విచ్చుకుంది. ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. బయట బల్ల మీద కూర్చున్న ఫిదెలీనా, ఒకప్పుడు ఎంబ్రాయిడరీ చేసుకునే మనిషి, ఆమెదీ ఆలస్యం గుంపే, "ఆయనకేం చేశావో నాకూ చెయ్యి" అంది. ఆమెకి ఎలా కాదంటాను? చివరికి ఆరుగురికీ చేశాను. పుణ్యం కట్టుకుంటున్నాననుకున్నాను, నా మొహం.

ఫలితాలొచ్చాయి. రెండు గుంపులకూ నొప్పి ఒకేలా తగ్గింది. "కుంచె ఎప్పుడు తగిలితే ఏముంది, నాలుగు మంచిమాటలకే తగ్గినట్టుంది" అని ప్రొఫెసర్ కాగితాలు మూసేసింది. "ఇన్నేళ్ళూ నేను నమ్మింది తప్పు." నేను ఎదురుగానే ఉన్నాను. ఆరుగురికీ నేనే సరిగ్గా రాశానని చెప్పచ్చు. ఉద్యోగం పోతుందని భయమనుకోండి, సిగ్గనుకోండి, చెప్పలేదు. తేడా తేలలేదు గనక యొలొంబోకి యంత్రమూ లేదు; ఉన్న యంత్రాలు పెట్టెల్లో సర్దింది కూడా నేనే.

రెండు నెలలకి యొలొంబో వెళ్ళాను. ఎవేలియో గుమ్మంలో కూర్చుని, పోటు మళ్ళీ మొదలై, మొండిచేతిని మోకాళ్ళ మధ్య నొక్కిపట్టుకుని ఉన్నాడు. సంచిలోంచి కుంచె తీసి రాశాను. కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచాడు.

"వద్దులే. కనిపించకపోతే అది తెరుచుకోదు."

అప్పుడు జరిగిందంతా చెప్పేశాను.

"ప్రొఫెసరమ్మకి చెప్పావా?"

"మొన్న చెప్పాను. మళ్ళీ మొదటినుంచి చెయ్యాలంటే డబ్బివ్వడానికి ఇంకెవరూ ముందుకు రారంది. నన్ను పొమ్మంది."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి, ఎడమచేత్తో బెల్లం నీళ్ళు కాచి, గ్లాసు నా ముందు పెట్టాడు.

"పదకొండేళ్ళు బిగిసే ఉందమ్మాయ్. ఇంతే కాబోలని అలవాటు పడ్డాను" అన్నాడు. "అది విచ్చుకుంటే ఎలా ఉంటుందో నాకెందుకు చూపించావు?"