కప్పు లేని పెట్టె

మా అబ్బాయి జిగురు మూత తీస్తే చాలు, నేను కిటికీలు తెరిచేస్తాను. చిన్నప్పుడు సౌదీలో, జెద్దాలోని మా ఇరుకు ఫ్లాట్ నిండా అదే కంపు. ఇంగ్లండులో మొదట్లో నడిచిన రైళ్లకు నాన్న నమూనాలు చేసేవాడు. ఒక రైలుపెట్టెలో మనుషుల బొమ్మలకు పైన ఏమీ లేదు. నాన్న మరిచిపోయాడనుకుని ఖర్జూరాల డబ్బా అట్టతో కప్పు అతికించాను.

"ఛీ, పాడుచేశావు కదే! అప్పట్లో మూడో తరగతి పెట్టెలకు కప్పుండేది కాదు. ఉన్నదున్నట్టు చెయ్యాలి," అంటూ నాన్న పీకేశాడు.

అప్పుడే ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి వచ్చిన అమ్మ ముక్కు మూసుకుంది. "ఇలాంటి కప్పు లేని పికప్ బండిలోనే వచ్చి ఎండదెబ్బకి పడిపోయాడండీ ఒక కూలీ. నా చేతుల మీదే కక్కాడు. మీకిదేం ముచ్చట?"

నిన్న సిగ్నల్ దగ్గర నా కారు పక్కన, మిట్టమధ్యాహ్నం, కూలీలతో నిండిన పికప్ ఆగింది. జిగురు వాసన లేకుండానే అద్దం దించాను. దానికి కప్పు ఎవరూ మరిచిపోలేదు. వేయలేదంతే.